పసుపు గీత లేని నట్టు

షెడ్డులో పాత జీపు. దాని కింద వెల్లకిలా పడుకుని, మెకానిక్ పని చేసే కూతురు. పైన స్టీరింగ్ పట్టుకుని తండ్రి.

"ఆపు, ఆపు. ఇంకోసారి. కొంచెం కుడికి, కొంచెం ఎడమకి. అంతే."

"చెప్పాను కదమ్మా, బండి ముసలిదైపోయింది. చిన్న గుంత తగిలితే చాలు, ముందు చక్రాలు గజగజలాడిపోతాయి."

"నిన్న నీ బండెక్కిన పనివాళ్ళు సగం దారిలో దిగి నడిచారట."

"ఎవరన్నారు?"

"మేస్త్రీ."

"నా గురించి ఏమన్నాడు?"

"నీ గురించేమంటాడు? బండిని తిట్టాడు."

"ఆఁ. బండినే కదా."

"స్టీరింగ్ బాక్సు బాగుంది. బుష్‌లు బాగున్నాయి. రెండు చక్రాలనీ కలిపే రాడ్డు లేదూ, దాని చివర జాయింటు ఒక్కటే లొడలొడలాడుతోంది."

"మరింకేం, మార్చెయ్."

"వానలకి ముందే మార్చాను నాన్నా. కొత్తది వేశాను."

"ఈ రోజుల్లో కొత్తవి మాత్రం ఏం నిలుస్తున్నాయిలే."

"అరిగిన కొత్తది కాదిది. పాతదే. రబ్బరు చిరిగింది, పక్కన నా సుత్తి దెబ్బకి పడిన సొట్ట. నేను పీకి తుక్కు డబ్బాలో పడేసింది మళ్ళీ వచ్చి ఇక్కడ కూర్చుంది."

"కింద చీకట్లో నీకు అన్నీ ఒకలాగే కనిపిస్తాయి."

"కొత్తది బిగిస్తే నట్టు మీద పసుపు రంగుతో గీత గీస్తాను. దీని మీద గీత లేదు. ఎవరో మార్చారు. ఎవరంటావ్?"

"నన్నడిగితే? తిప్పమన్నావు, తిప్పుతున్నా."

"షెడ్డు తాళాలు మన ముగ్గురి దగ్గరే ఉన్నాయి. నేను, నువ్వు, ఆయన."

"నేనేమీ అనను తల్లీ. అల్లుడి గురించి నా నోటితో అనను."

"అనకుండానే అన్నావుగా."

"మొన్న బండి తీసుకెళ్ళింది అతనే. ఈ డొక్కు అమ్మేద్దామని ఒంటికాలి మీద లేచేదీ అతనే. బండి పాడైతే అమ్మొద్దని ఇక నేను నోరెత్తలేను కదా. అంతకుమించి నాకేం తెలీదు."

"ఆయన అలా చేస్తాడా?"

"నువ్వే ఆలోచించుకో."

"రేపు పొద్దున పనివాళ్ళందర్నీ ఎక్కించుకుని కొండెక్కేది నువ్వు. పక్కనే లోయ. తెలిసి తెలిసి చేశాడంటే... నాకు భయమేస్తోంది నాన్నా. ఇప్పుడే పిలుస్తా. నీ ఎదుటే అడుగుతా."

"వద్దొద్దు. ఇప్పుడెందుకు గొడవ? మార్చేస్తే పోయేదానికి."

"ఇందాక ఆయనే అన్నావు. ఇప్పుడు అడగొద్దంటున్నావు."

"కాపురంలో పుల్లలు పెట్టినవాణ్ణవుతానని."

"పెట్టేశావుగా. ఉండు... ఇదేంటి?"

"ఏంటి?"

"నట్టు ఊడకుండా వేసే పిన్ను. కొత్తది. ఒక కాలు పైకి మడిచి, రెండోది కత్తిరించి, చెయ్యి గీసుకోకుండా సుత్తితో సాపు చేసి ఉంది."

"అయితే?"

"ఆయనకి పిన్ను వెయ్యడమే రాదు. తీగ ముక్క చుట్టేసి నాచేత తిట్లు తింటాడు. ఇలా మడవడం నాకెవరు నేర్పారు?"

"నేను... నేను చాలామందికి నేర్పాను."

"బండి ఊగాలి గానీ జాయింటు ఊడకూడదు. పాడుచేసేవాడికి అంత జాగ్రత్త ఎందుకు నాన్నా?"

"నీకు అన్నీ అనుమానాలే. కొత్తది బిగించు, ఇంటికెళ్దాం."

"బిగిస్తున్నా. కాసేపు మాట్లాడకు."

"సరే, మాట్లాడను."

"మాట్లాడకన్నానా?"

"సరేనన్నాను, అంతే."

"...అయిపోయింది. జాకీ మీద లేపాను, ముందు చక్రాలు రెండూ గాల్లో ఉన్నాయి. స్టీరింగ్ తిన్నగా పట్టుకో. కదపకు."

"పట్టుకున్నా."

"కదపొద్దన్నానా?"

"కదపట్లేదమ్మా."

"ఇంజిను ఆగి ఉంది. జాయింటు కొత్తది. నేను చక్రాన్ని ముట్టుకోనైనా లేదు. మరెందుకు వణుకుతోంది?"

"గాలికేమో."

"షెడ్డులో గాలెక్కడిది? స్టీరింగ్ వదిలెయ్."

"వదిలాను."

"ఆగిపోయింది. మళ్ళీ పట్టుకో."

"వద్దులేమ్మా."

"పట్టుకో నాన్నా."

"వద్దన్నానా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానల ముందు నుంచే. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణుకుతున్నాయి. మీ అమ్మకి కూడా చెప్పలేదు."

"నాకు చెప్పొచ్చు కదా. బాగున్న బండి పాడుచేసి, ఏ పాపం తెలియని ఆయన మీదికి నెట్టి... ఎందుకు నాన్నా ఇదంతా?"

"బండి ఊగుతుంటే ఎక్కినవాళ్ళు బండినే తిడతారమ్మా. నా చేతుల వంక ఎవరూ చూడరు."