లిఫ్టులో సిమ్ము

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు బటన్ నొక్కి మెకానిక్కుతో మాట్లాడే కొత్త డబ్బా బిగించి, బావమరిది చేతులు దులుపుకున్నాడు. మెకానిక్కైన బావ మాత్రం కదల్లేదు.

“పచ్చ లైటు వెలుగుతోందిగా బావా. పద.”

“అది నెట్ లైటు. మాట పోతుందా?”

“పొద్దున నా సిమ్ము వేసి చూశా. నువ్వెలాగూ ఎత్తవని అక్కకి చేశా. చక్కగా వినబడింది.”

“ఇప్పుడున్నది కంపెనీ సిమ్ము. నా నంబరుకి పెట్టి నొక్కు.”

నొక్కాడు. బావ జేబులో ఫోను ఉలకలేదు, పలకలేదు.

“చూశావా? నెట్ తప్ప మాటలు పోని సిమ్ము అంటగట్టారు కంపెనీవాళ్ళు. మన మొహాలకి ఇదే ఎక్కువనుకున్నారు.”

“రేపు మార్పిద్దాంలే.”

“పై అంతస్తు చక్రాల కుర్చీ మామ్మగారు సాయంత్రం ఒక్కరే దిగుతారు. మధ్యలో ఆగిపోతే ఎవర్ని పిలుస్తారు?”

బావమరిది గొణుక్కుంటూ తన ఫోనులోని సిమ్ము తీసి డబ్బాలో వేసి నొక్కాడు. ఈసారి ఫోను మోగింది. బావ తెర చూసి, అలవాటుకొద్దీ కట్ చేయబోయాడు. బావమరిది తొంగి చూశాడు.

“నా పేరు ‘తలనొప్పి’ అని పెట్టుకున్నావా బావా?”

“అవును. అది చూస్తే ఎత్తబుద్ధి కాదు.”

“మరి ఇందులోంచి మామ్మగారు చేస్తే?”

బావ కళ్ళజోడు సవరించుకుని, ఆ పేరు చెరిపి, ‘మామ్మగారు’ అని కొట్టాడు.