వచ్చే ఆదివారం గూడ రమ్మంటే ఒస్త

"పిన్నిగారూ, మీ రవిని మిలటరీ అకాడమీకి పంపించినప్పుడు మీరెలా తట్టుకున్నారండీ? మా హారిక నిన్న అకాడమీ నుంచి ఫోన్లో ఒకటే ఏడుపు. వచ్చి తీసుకెళ్ళిపొమ్మంటోంది. మా ఆయన రేపటి రైలుకి టికెట్లు కూడా తీసేశారు."

కూసో. ముందుగాల కూసో శ్రీలక్ష్మీ. గా చెంగుతోని మొకం తుడుచుకో. బిడ్డ పోయి నెల గాలే, నువ్వు సగమైనవు. కింది పోర్షన్ల కెళ్ళి పైకొచ్చేసరికే ఆయాసపడుతున్నవు. ఆడ అది చీకట్ల లేసి ఎంత దూరం ఉరుకుతుందో ఏమో, దానికి లేని ఆయాసం నీకెందుకే? ఆఁ, నవ్వినవు. గట్లుండాలె.

తట్టుకున్నరా అంటున్నవు. నేనేమన్న బండరాయినా తట్టుకోనీకి? తట్టుకోలే. కాని ఉరకలే. రెండిటికీ ఫరక్ ఉంటది, గదే చెప్త, ఇను.

మేం ఈ ఎల్బీనగర్‌ల ఇల్లు కట్టుకునుడు తర్వాతి ముచ్చట. అంతకుముందు దిల్‌సుఖ్‌నగర్‌ల మెస్సు నడిపినం. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఆయన జీతం ఇంటి కిరాయికి, పిల్లగాని ఫీజుకు సరి. నేను కోచింగు పోరగాండ్లకు వండి పెడుతుంటి. కింద వంట, పైన వాళ్ళ మంచాలు. నల్గొండోళ్ళు, సూర్యాపేటోళ్ళు, మీ గుంటూరోళ్ళు గూడ, పప్పుల కారం తక్కువైందండీ అని మొకం ముడుచుకునేటోళ్ళు. నెలకు రెండు పూటల బువ్వ ఐదొందలు... కాదు కాదు, ఐదొందలు ఎనుకకు అయింది, ముందుగాల మూడొందల యాభై. ఆదివారం కోడికూర గూడ అండ్లనే. ఇప్పుడు గా పైసలు పట్టుకోని మెట్రో స్టేషన్ కింద నలుగురు టిఫిన్ తింటే చిల్లర మిగలది. సరే, గదెందుకు.

పరీక్షలు రాసి పోయేటప్పుడు పోరగాండ్లు పుస్తకాలు ఈడనే ఇడిచిపెట్టి పోతుండ్రి. నా చదువు ఐదో తరగతి. పప్పు ఉడికే దాంక పొయ్యి ముంగట కూసోని చరిత్ర చదివిన, రాజ్యాంగం చదివిన, టీచరు పరీక్ష పిల్లలు ఇడిచిపోయిన మనస్తత్వ శాస్త్రం గూడ చదివిన. గది రెండుసార్లు చదివిన, మొదటిసారి ఏం సమజ్ కాలే. "ఏందే, కలెక్టరు అయితవా?" అంటుండె మా ఆయన. "కలెక్టర్లయినంక శానమంది చదువుడు బంద్ పెడ్తరు, నేను పెట్టలే, గంతే" అన్న.

ఆఁ, ఏం చెప్తున్న? ఏడ్సుడు ముచ్చట. కొత్తగ ఒచ్చిన పిల్లగానికి మొదటి నెల గండం. పొద్దుమీకంగనే ఎస్‌టీడీ బూతు కాడ లైను కడుతుండ్రి. అండ్ల రాములని ఒకడుండె, దేవరకొండ దిక్కు పోరడు, ఎస్సై పరీక్షకు చదువనీకి ఒచ్చిండు. ఒకనాడు తండ్రికి ఫోన్ చేసి ఒర్రి ఒర్రి ఏడ్చిండట, బాపూ నాతోని కాదు, నన్ను తోల్కపో అని. ఏడ్చి, మొకం కడుక్కోని, మెస్సుకొచ్చి కడుపు నిండ బువ్వ తిన్నడు. నేనే వడ్డించిన గదా. తిని దోస్తులతోని క్యారంబోర్డు గూడ ఆడిండు. అర్థమైందా? ఏడుపంత ఫోన్ల పోసేసి వాడు ఖాళీ అయిండు. గది పోయి ఆడ తండ్రి నెత్తి మీద పడ్డది. ముసలాయన పత్తి చేను అట్లనే ఇడిచిపెట్టి, తెల్లారి మొదటి బస్సు ఎక్కి, అంబటాళ్ల వరకు, పది కొట్టకముందే, మా గల్లీల దిగిండు.

అప్పుడు పోరడేం చేస్తుండు? చాయ్ బండి కాడ పండ్లన్ని బయటపెట్టి నవ్వుతుండు. తండ్రి మొకం చూసిండో లేదో, నవ్వు ఆగింది. ఇగ ఏడుపు షురూ. ఎందుకంటవ్? బాధయి కాదు. ఏడ్వకపోతే ఆయనకు ఏం మొకం చూపెట్టాలె? చేను ఇడిచి గంత దూరమొచ్చిన మనిషికి, నేను మంచిగనే ఉన్న పో అంటే చిన్నబోతడు గదా. తండ్రి ఇజ్జత్ కోసం ఏడ్చిండు వాడు. ఏడ్చినంక ఇగ ఆగుత అని ఎట్లంటడు? పెట్టె సర్దిండు.

నేను ఆపి చూసిన. "కాకా, నాలుగొద్దులు ఆగి చూడరాదుండ్రి" అన్న. "కండ్లనీళ్ళు చూసినంక ఎట్ల ఆగుత తల్లీ" అన్నడు. ఆయనను తప్పు పడ్తలేను. ప్రేమ అంటే అంతే, ముందుగాల అది ఉరుకుతది, బుద్ధి ఎనుక నడుసుకుంట ఒస్తది.

శాన ఏండ్లకు రాములు కొత్తపేట పండ్ల మార్కెట్‌ల కలిసిండు. అప్పటికి మార్కెట్ ఇంక ఈడనే ఉండె. బత్తాయి లోడు దించుకుంట ఉన్నడు. మంచిగనే బతుకుతుండు, కించపరిచి చెప్తలేను. నాకు సంచి నిండ కాయలేసి ఏమన్నడో ఎరుకేనా? "అత్తమ్మా, ఆనాడు బాపు ఒక్క రోజు ఆలస్యంగ ఒస్తే నేను పోకపోతుంటి." గా మాట ఈడ, గుండెల, మేకు లెక్క దిగింది.

గందుకే రవి అకాడమీకి పోయిననాడే నాకెరుక, ఒకనాడు ఫోన్ ఒస్తదని. ఒచ్చింది. ఆదివారం. అల్లం దంచుతున్న. "అమ్మా, నీళ్ళల్ల దూకమంటున్నరు, ఊపిరాడతలేదు, అందరు తేలుతున్నరు నేనొక్కన్నే మునుగుతున్న. నన్ను తోల్కపో." వాని తప్పేముంది చెప్పు. దిల్‌సుఖ్‌నగర్‌ల పెరిగినోనికి నీళ్ళు అంటే ఏంది? రోజు ఇడిచి రోజు ఒచ్చే నల్లా. వాని జన్మల చూసిన పెద్ద సముద్రం మా మెస్సు డ్రమ్ము.

మా ఆయన రిసీవరు గుంజుకోబోయిండు. "ఒస్తున్న కొడుకా" అనేది నోట్లకొచ్చింది ఆయనకు. నేను చెయ్యి అడ్డం పెట్టిన. అల్లం చెయ్యి, ఆయన కండ్లకు మండి ఎనుకకు జరిగిండు. రవిని అడిగిన: ఎవరన్న కొట్టిండ్రా? లే. దెబ్బ తాకిందా, జరమొచ్చిందా, దాస్తున్నవా? లే. బువ్వ తిన్నవా? తిన్న. "సరే బిడ్డా. నేను రానని అంటలే. కాని ఏడుస్తున్నోని మాట మీద నేను రైలెక్క. వచ్చే ఆదివారం గూడ రమ్మంటే ఒస్త. మాటంటే మాటే." వాడు ముక్కు ఎగబీల్చి "ఊఁ" అన్నడు. ఎనుక ఎవరో పోరడు తన వంతు కోసం తొందర పెడుతుండు, పెట్టేసిండు.

ఇగ ఆ వారం మా ఇంట్ల... మా ఆయన నాతోని మాట్లాడుడు బంద్. కన్నతల్లివేనా అన్నడు గూడ. అని ఏం చేసిండు? డిపోల ఎవన్నో పట్టుకున్నడు, వాని మేనబావ సుబేదారట, పైరవి చేపిస్తడట! మన పట్నపోళ్ళకు బడి సీటుకు పైరవి, దవాఖాన మంచానికి పైరవి, అన్నిటికి గదే మందు. నాకు మండింది. "ఏమని చేపిస్తవయ్యా పైరవి? మా పోరడు మునుగుతుండు, జర నీళ్ళకు చెప్పుండ్రి అనా?" అన్న. మెస్సు పోరగాండ్లు విని నవ్విండ్రు. ఆయన నవ్వలే.

నేను ధీమాగ ఉన్న అనుకుంటున్నవా? కూరల ఉప్పు రెండుసార్లు ఏసిన. పాపం పిల్లలు నీళ్ళు తాగుకుంట తిన్నరు. మంచం కింద సంచి సర్ది పెట్టుకున్న. ఎందుకంటే మాటిచ్చిన గదా. రమ్మంటే పోవాలె. పోతుంటి గూడ, అబద్ధమెందుకు.

ఆదివారం ఫోన్ మోగింది. వాడు మొదలుపెట్టిండు, బూట్లు కరుస్తున్నయంట, మడిమకు పుండయిందంట, పక్క మంచం మణిపూర్ పిల్లగాడంట, వాడు వీనికి ఈత నేర్పుతుండంట, వీడు వానికి లెక్కలు చెప్తుండంట. చెప్తనే ఉన్నడు. నేనే అడ్డం పడి అడిగిన, "మరి రావాల్నారా?"

"యాడికి?" అన్నడు.

చూడు! యాడికి అంట! వారం రోజులు మేం సచ్చి బతికినం, వానికి యాదిల గూడ లేదు. మా ఆయన పక్కనే చెవి పెట్టి విన్నడు. లేసి పోయి బయట బండి తుడుసుకుంట నిలబడ్డడు శానసేపు.

అట్లని ఈత ఒచ్చేసిందనుకోకు. మొదటి పరీక్ష తప్పిండు. మళ్ళ దూకిండు. ఇప్పుడు వాని చేతికిందనే పిల్లలు దూకుతుండ్రు అనుకో. కాని వాడు పెద్ద ఆఫీసరైండని నేను గొప్ప చెప్తలేను. ఆ ఆదివారం వాడు రమ్మనుంటే పోయి తోల్కొస్తుంటి, అప్పుడు ఇదే కుర్చీల కూసోని నీకు ఇంకో తీరుగ చెప్తుంటి.

"మరి నిజంగానే కష్టమైతేనండీ?"

అయితది బిడ్డా, ఎందుకు కాదు. గందుకే అడగమంటున్న. నిన్న నువ్వేం అడిగినవు? ఏడ్చినవు. అది ఏడ్చింది, నువ్వేడ్చినవు, అయిపోయింది. కొట్టిండ్రా అని అడిగినవా? జరం దాస్తుందా, ఎవరన్న సతాయిస్తుండ్రా అని అడిగినవా? అట్ల ఏమన్న ఉంటే ఆదివారం లేదు సోమవారం లేదు, ఆ నిమిషమే అకాడమీ ఆఫీసరుకు ఫోన్ చెయ్యి, సీదా మాట్లాడు, పైరవి లేకుంట. నేనొస్త నీతోని. కాలు నొస్తుంది, జుట్టు కత్తిరించిండ్రు, నిద్ర సాల్తలేదు, అరుస్తుండ్రు, గివైతే ఆగు. ఏడుపు ఆగినంక, వచ్చే వారం, ఆ పైవారం, పొడి కండ్లతోని "అమ్మా, ఇది నాకు పడది" అంటే అప్పుడు నమ్ము. అప్పుడు తల ఎత్తుకోని తోల్కరా. ఎవడన్న ఏమన్న అంటే నా కాడికి పంపు.

ఏంది, పోకపోతే నీ మీద కోపానికొస్తదా? రానియ్యి. కోపం మంచిదే. కోపమొచ్చిన పిల్ల పొద్దుగాల లేసి రెండు అడుగులు ఎక్కువనే ఉరుకుతది.

ఇంకోటి, నోట్ల పెట్టుకుంటే నాకు అరగది. మీ ఆయన ప్రసాదు కాలనీ గేటుకు కట్టిన ఫ్లెక్సీ. పిల్ల ఆడ రైలు దిగకముందే కట్టిండు. దాని బొమ్మ తాటిచెట్టంత, కింద ఆయనది, మీ మరిదిది, అసోసియేషన్ ప్రెసిడెంటుది. 'మా ఆడపులి' అని ఎర్ర అక్షరాలు. ఆ ఫ్లెక్సీని ఫోటో తీసి పిల్లకు గూడ పంపిండంట గదా? మరి పులి ఏడుస్తదా తల్లీ? నాయినకు చెప్పనీకి దానికి నోరొస్తదా? గందుకే అంత నీ మీదనే పోసింది. ఇటు ఫ్లెక్సీ కట్టి ఎనుకకు రావద్దంటడు, అటు టికెట్ తీసి ముందుకు పోవద్దంటడు. నడుమిట్ల పోరి యాడ నిలబడాలె? ఇయ్యాలనే దింపుమను. పారెయ్యకుండ్రి, ఆనకాలమొస్తుంది, నా వాటర్ ట్యాంకు మీద కప్పుకుంట.

"మరి టికెట్లండీ? క్యాన్సిల్ చేసేయమంటారా?"

క్యాన్సిల్ ఎందుకు? వచ్చే మంగళవారానికి జరుపుకోండ్రి. హారికకు గూడ గట్లనే చెప్పు, రామని చెప్పకు, టికెట్ ఉన్నదని చెప్పు. ఎనుక తలుపు తెరిసే ఉన్నదని ఎరుకైనోళ్ళకే ముందు తలుపు తోసే ధైర్యమొస్తది. నా మాట అబద్ధమైతే రెండు వారాలకు ఒచ్చి నన్ను తిట్టు, పడ్త.

లే, ఏడ్వకు ఇగ. ఫోన్ చెయ్యి మీ ఆయనకు, ఇంట్లనే ఉన్నడు గదా, పైకి రమ్మను. ఆయన ఒప్పుకోడంటవా? ఒప్పుకోనీకి నేనేమన్న సంబంధం అడుగుతున్ననా?

నీ బిడ్డ సల్లగుండాలె శ్రీలక్ష్మీ. కాళ్ళు గట్టిపడాలె, నోరు గూడ గట్టిపడాలె. ఉంట అన్నా, ఒస్త అన్నా దాని నోటితోనే అనాలె, దాని తరఫున మీరు అనొద్దు, నేను అనొద్దు...

అగో, మెట్ల మీద చప్పుడైంది. రా ప్రసాదూ, రా బిడ్డా. చెప్పులు ఆడ ఇడువు. కూసో. చాయ్ పెడ్త, తాగు. తిట్లు తర్వాత.