బతికుండటమే డ్యూటీ

దివాలా తీసిన ఫ్యాక్టరీ పింఛను లెక్కలు తేల్చే ఆఫీసులోంచి బావా బావమరుదులు ఈసారీ ఉత్త చేతులతోనే బయటికొచ్చారు. ఇద్దరిలో వెల్డరుగా చేసిన బావమరిది మెట్ల మీద కూలబడి జేబులోంచి సిగరెట్టు తీశాడు.

“బతికున్నట్టు మళ్ళీ సంతకం పెట్టించుకున్నారు బావా. చచ్చింది ఫ్యాక్టరీ అయితే, రుజువు మనమివ్వాలా?”

“కిటుకంతా అక్కడే ఉంది. మనతోపాటు కేసు వేసినవాళ్ళలో సగంమంది పోయారు. ఇంకాస్త సాగదీస్తే అడిగేవాడే ఉండడని వాళ్ళ ఆశ.”

“పోనీ, ఇచ్చినకాడికి పుచ్చుకుని ఊరుకుందామా?”

“ఇన్నేళ్ళు వాళ్ళ పొగ మింగి బతికినవాళ్ళం, వాయిదాలకి పోతామా? ఇప్పుడు మన డ్యూటీ ఒక్కటే, బతికుండటం.”

“నా దగ్గు సంగతి నీకు తెలుసుగా.”

“తెలుసు కాబట్టే చెప్తున్నా. నువ్వు కాల్చే ఒక్కో సిగరెట్టూ వాళ్ళకి లాభం.”

వెల్డరు చేతిలో ఉన్నదాని వంక చాలాసేపు చూశాడు. అది అతనికి మొదటిసారి పరాయివాడి సొమ్ములా కనిపించింది.

“మీ చెల్లెలు ఇన్నేళ్ళు పోరినా మానలేకపోయాను.”

“అది నీ మేలు కోరి చెప్పింది. అందుకే చెవికెక్కలేదు.”

వెల్డరు సిగరెట్టు విరిచి, పెట్టెతో సహా చెత్తబుట్టలో పడేశాడు.

“రేపు నడకకి వెళ్ళేటప్పుడు నన్నూ లేపు బావా. సంతకం పెట్టించుకున్న ఆ కుర్ర గుమాస్తా రిటైరయ్యేదాకా వస్తూనే ఉంటాను.”