పందొమ్మిది దాటని వారియర్

చిత్తూరు బస్టాండు వెనక సందులో ధనశేఖర్‌ది సెల్‌ఫోన్ రిపేరు అంగడి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, రోజూ మాదిరే ఆ సాయంత్రం కూడా పంకజాక్షి వచ్చి కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుంది. ఆమె చేతిలో ఉన్నది ఇల్లు వదిలి పోయిన కొడుకు గిరిప్రసాద్ పాత ఫోను; అందులో అతను ఆడిన యుద్ధం ఆటే ఇప్పుడు ఆమె ఆడుతోంది. ఎన్నాళ్ళుగానో నాలుక చివర ఆగిపోతున్న మాటొకటి ఈరోజు ఎట్లాగైనా ఆమెకు చెప్పేయాలని ధనశేఖర్ పొద్దున్నించీ గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు.

"మళ్ళీ సచ్చినావా అమ్మా?"

"సచ్చినాను. ఆ అడివిపంది యాడ్నించి వచ్చిందో, ఒక్క గుద్దు గుద్దింది. నేను వేలు పెట్టి నొక్కతానే ఉండాను, ఈ ఫోను నా వేలిని గుర్తుపట్టదు. కాయలు కోసి కోసి సొన పట్టింది గదా."

"వేలు సంగతి అట్లుండనీ. హెల్మెట్ యాడ? మొన్న నేనే పెట్టిస్తిని."

"తీసేసినాను."

"ఎందుకు?"

"గుండు కొట్టించినాను."

"ఎవురికి?"

"వారియరుకు. ఆ ఊర్లో మంగలంగడి ఉండాది గదా, ఆడ. గిరి ఇంటికొస్తే తలనీలాలు ఇస్తానని కొండ మీద సామికి మొక్కుకొన్న్యాను. నాది తరవాత. ముందు వీడిది అడ్వాన్సుగా ఇస్తే సామి రవ్వంత మొగమాటపడతాడేమోనని."

"ఇస్తే ఇచ్చినావు. దానికీ హెల్మెట్‌కూ ఏం సంబంధం?"

"గుండుకు చందనం పూస్తారు గానీ, ఇనపటోపీ పెడతారా యాడన్నా?"

"అమ్మా, అది గేము. తలకేం లేకుండా నిలబడితే ఒక్క దెబ్బకే పోతాడు. వారియరంటే ఎవురని చెప్పినాను నీకు?"

"దెబ్బలు తినేవాడు."

"ముందర నిలబడి దెబ్బలు తినేవాడు. ఎనకాల హీలర్ ఉంటాడు, మందు పోసేవాడు. వాడి మీద దెబ్బ పడకుండా చూసుకోవల్ల. అంతే పని."

"ఆ పని నాకు కొత్తా? వాళ్ళ నాయన తాగొచ్చినప్పుడల్లా నేను చేసిందేంది మరి. గిరిని ఎనకాల పెట్టుకొని నిలబడలా? ఆ పొద్దు ఏ హీలరూ మందు పోసిన పాపాన పోలేదు."

"అమ్మా, నీకొక మాట చెప్పల్ల."

"చెబుదువులే. అంగడి తలుపు సగం దించినావేంది? గాలాడదు."

"ఎవురూ రాకుండా. మాట్లాడల్లని."

"ఎత్తు ఎత్తు. మాటలకేం, రోజూ ఉండేవే. ముందు ఇది చెప్పు. డాలు ఎప్పుడెత్తల్ల, కత్తి ఎప్పుడు దూయల్ల?"

"వందసార్లు చెప్పినాను."

"నూటొకటోసారి చెప్పు."

"ఎదుటోడు చెయ్యి పైకెత్తితే డాలు. చెయ్యి దించినాక కత్తి. ఒకదాన్ని చంపినాకనే ఇంకోదాన్ని పిలవల్ల, గుంపు మీదికి పోకూడదు. నీకన్నా రెండు లెవెళ్ళు పెద్దదాని జోలికి పోనే పోకూడదు. వచ్చే పాయింట్లన్నీ బలానికే ఎయ్యకుండా సగం ఒంటికి ఎయ్యల్ల, లేకుంటే కొట్టేది వస్తాది గానీ ఓర్చుకొనేది రాదు. కొత్తగా వచ్చినోళ్ళందరూ చేసే తప్పు అదే. కాగితం మీద రాసిస్తిని గదా!"

"ఆ కాగితం మామిడి రసంలో తడిసిపాయ."

"ఇంకోటి రాసిస్తా. రాసిస్తే మాత్రం ఏం, నువ్వు ఒక్కటీ చెయ్యవు. నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఏం చేసినావు?"

"బాయికాడ ముసిలామె ఉండాది గదా, ఆమెకు నీళ్ళు మోసినాను."

"అది మొదటి లెవెల్ పిల్లకాయలు చేసే పని. ఒకటి రెండు లెవెళ్ళు పెరిగేదాకా మోసి, తరవాత ఆ పక్కకే పోరు ఎవురూ. పందొమ్మిదిలో ఉండేవాళ్ళకు దానికి ఒక్క పాయింటు గూడా రాదు."

"రాకపోతే మాన్లే. ఆమె అడగతా ఉంటే ఇనపడనట్ల పోతామా?"

"ఆమె అందరినీ అడగతాదమ్మా! ఆమెను చేసిందే అట్ల. నెలాయ. పదైదు నుంచి పందొమ్మిదికి నాలుగు దినాల్లో వస్తివి, ఆడ్నే కూచున్న్యావు. ఇంకొక్క లెవెల్. ఇరవై అయితే కోట తలుపు తెరస్తారు. కోటలో రాసుకొనే పని లేదు, గొంతుతోనే మాట్లాడుకోవచ్చు. గిరి హీలర్ తోతాపురితో మాట్లాడల్లని గదా నువ్వు నా కాడికి వచ్చింది?"

"మాట్లాడల్లనే."

"అయితే ఇట్లియ్యి ఫోను. పది నిమిషాల్లో నేనే ఇరవై చేసిస్తా."

"వద్దు. నా మనిషిని నేనే పెంచుకొంటాను."

"ఎప్పటికి పెంచుతావు?"

"ఎప్పటికో. పేరు సూడు, తోతాపురంట! ఈ లోకంలో ఇంకే పేరూ దొరకలేదు గిరికి. పొద్దస్తమానం నేను కోసే కాయ పేరు పెట్టుకొన్న్యాడు. నన్ను ఎగతాళి చేసేదానికే."

"ఎగతాళికి కాదేమోమ్మా. వాడు ఆటలోకి వచ్చిన పొద్దు, హీలర్‌కు ఏదన్నా పేరు పెట్టరా అంటే ఠక్కున అదే అనినాడు."

"అట్లనా. నాకెప్పుడూ చెప్పలా. నాకేం చెప్పినాడు గనక. ఉద్యోగం సూసుకోరా అంటే తల తిప్పకుండా ఆడతా ఉండె. నాకు కడుపు మండె. కంప్యూటర్ ఎత్తి పాత సామాన్లోడికి ఇచ్చేస్తిని. ఏడాదిన్నర ఆయ. వాడు గడప దాటతా ఏమనినాడో తెలుసా నీకు?"

"ఏమనినాడు?"

"ఏమీ అనలేదు. అరిచి తిట్టిపోయినా బాగుండు, ఆ తిట్టన్నా మిగిలుండు నాకు."

"అమ్మా, అదే, గిరి గురించే నేను..."

"ఇప్పుడు మటుకు మాట్లాడతా ఉండాడులే. మొదటి దినం 'నేను అమ్మనురా' అని కొడితే పావుగంట ఉలకలా పలకలా. ఆ పేరు పక్కన పచ్చచుక్క మాత్రం వెలగతానే ఉన్నింది. తరవాత వచ్చె ఒకే ఒక్క మాట. 'తిన్నావా?' అని."

"పావుగంట కాదు, ఇంకా జాస్తి సేపు."

"నీకెట్ల తెలుసు?"

"అది... నువ్వే గదా చెప్పినావు."

"ఔ, చెప్పుంటాను. ఆ పొద్దు నుంచి రోజూ అదే. నిన్న గూడా అడిగె. 'తిన్న్యాను, సంగటి, వంకాయ పుల్లగూర' అని కొట్టినాను. 'సరే' అనె. పాయ. అంతకు మించి ఒక్క ముక్క రాయడు. సరే, పాయింట్లు బలానికి సగం, ఒంటికి సగం అంటివి. మరి ఆ మూడోది, వేగం..."

"పాయింట్లు వద్దు."

"డాలు పగిలిపోతే కొత్తది యాడ..."

"డాలూ వద్దు. నన్ను చెప్పనియ్యమ్మా, నీకు దండం పెడతా."

"రేపు చెబుదువు. బస్సుకు టైమాయ."

"తోతాపురి గిరి కాదు."

"బస్సు పోతాదప్పా, నేను లేస్తా."

"కూచోమ్మా. లేవద్దు, కూచో. పోయేనాడే గిరి దాన్ని నాకిచ్చేసినాడు. పాస్‌వర్డు చీటీ మీద రాసి, ఇదో, ఈ కౌంటరు మీదనే పెట్టి, 'నాకింక ఆ ఆటా వద్దు, ఈ ఊరూ వద్దు' అనినాడు. 'మా అమ్మ అడిగితే తెలీదని చెప్పు' అనినాడు. యాడుండాడో నాకు నిజంగానే తెలీదు, నంబరు గూడా మార్చేసినాడు. నువ్వు ఆ పచ్చచుక్క చూపించి 'నా కొడుకు ఈడుండాడు' అని వస్తివి. నీ మొగం సూసి నాకు నోరు రాలా. ఇరవై దాకా రావల్ల అంటే, నాలుగు దినాలాడి ఇసుక్కొని మానుకొంటాదిలే అనుకొంటిని. నువ్వు పందొమ్మిదికి వస్తివి. అప్పట్నించి నాకు అన్నం దిగలేదు. తోతాపురి నేనమ్మా. రోజూ అడిగేది నేను. తిట్టు. కొట్టినా సరే."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వని."

"ఎప్పట్నించి?"

"మొదటి దినం నుంచి. ఇరవై రెండేండ్లు సాకినానప్పా వాణ్ణి. ఒక్కనాడన్నా, ఒక్క పూటన్నా, తిన్నావా అని నన్ను అడిగినోడు కాదు. వాడి ముందర అన్నం తట్ట పెట్టినానా లేదా, అంతే సూసుకొనేది. ఆ మాట కనపడినప్పుడే అనుకొంటిని, వీడెవురో మంచోడు, నా కొడుకు మాత్రం కాదని."

"మరి తెలిసి గూడా... రోజూ వచ్చి డాలెట్ల, కత్తెట్ల అని..."

"ఇరవై అయితే గొంతు ఇనపడతాదని నువ్వే గదా చెప్పినావు. నీ గొంతు ఇనపడితే దాంతో అయిపోతాది అంతా. అందుకే ఆడ్నే కూచుంటిని. మొక్కు నిజమే, హెల్మెట్ తీసింది మటుకు దానికి కాదు. పందొచ్చి పొడిస్తే పొడిచిందిలే, సచ్చేవాడు ఇరవై ఎక్కడు గదా అని తీసినాను."

"ఎందుకమ్మా ఇదంతా?"

"వాడు పోయినాక ఒక్కదానికి ఏం వండుకొనేది అని, టీ బన్నుతోనే గడపతా ఉంటిని. గ్యాసు ముట్టించి ఎన్నాళ్ళాయనో నాకే తెలీదు. నువ్వు తిన్నావా అని అడగబట్టితివి. తినకుండా తిన్న్యానని కొట్టేదానికి మనసొప్పలా. నువ్వు అడగతావని ముందే వండుకొని, తిని, ఫోను పట్టుకొని కూచుంటా ఉంటిని."

"ఇప్పుడు మాత్రం ఏమమ్మా, ఈ పొద్దు గూడా అడగతా. రోజూ అడగతా."

"ఈ పొద్దు అడిగితే ధనశేఖర్ అడిగినట్ల అప్పా, పాపమని. నిన్నటిదాకా అడిగింది తోతాపురి. ఆ మాట నోట్లోనే పెట్టుకొని ఉన్నింటే, రేపు గూడా పొయ్యి ముట్టించుకొనేదాన్ని."