పావు పళ్ళెం తక్కువైన బస్సు

"ఉన్నదానికి ఒక్క అంగుళం కలిపి చెప్పే అలవాటు నాకు లేదు, అది మీ అందరికీ తెలిసిందే" అంటూ మొదలుపెట్టాడు డబుల్ డెక్కరన్న. మాకు తెలిసిందల్లా ఆయన ఏది చెప్పినా దాని మీద ఇంకో అంతస్తు లేస్తుందని. ఆ పేరు పెట్టింది కూడా అందుకే.

బస్టాండుకీ డిపోకీ ఉన్న ఒకే గేటు పక్కన టీ కొట్టు. మధ్యాహ్నం రెండుంపావు. మర్నాడు మా డ్రైవర్లకి ఏడాదికోసారి జరిగే మెడికల్ పరీక్ష. దానికి మూడు రోజుల ముందు నుంచి కడుపు ఎండగట్టడం మా డిపోలో పాతకాలం నాటి వైద్యం. మంచినీళ్ళు, చక్కెర లేని టీ, అంతే. అలా మాడితే రక్తంలో షుగరు దానంతటదే కిందికి దిగుతుందని సీనియర్లు జూనియర్లకి చెబుతారు, ఆ జూనియర్లు సీనియర్లయ్యాక ఇంకొకరికి చెబుతారు. షుగరు ఎక్కువని తేలిందంటే స్టీరింగు లాక్కుని గేటు దగ్గర కాపలా కుర్చీ వేస్తారు. ఇరవై ఏళ్ళు రోడ్డు మీద తిరిగినవాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టడమంటే బతికుండగా పాతిపెట్టడమే.

బల్ల మీద ముగ్గురం డ్రైవర్లం: నేను, బక్కాయన, డబుల్ డెక్కరన్న. ఎదురుగా స్టూలు మీద అన్న బస్సులో పనిచేసే కండక్టరమ్మ, టికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడింటికి వాళ్ళ బస్సు బయల్దేరాలి. మూడుంపావుకి నాది, ఆ వెనకే బక్కాయనది.

"మీరు మాడండి, నాకా ఖర్మ లేదు" అన్నాడు అన్న. "ఎందుకంటే నేను ఏడాది పొడుగునా పద్ధతిగా తింటాను. పోయినేడు డిస్పెన్సరీ డాక్టరమ్మ కాగితం మీద గుండ్రంగా పళ్ళెం గీసి చూపించింది. సగం పళ్ళెం కూరగాయలూ ఆకుకూరలూ. పావు పళ్ళెం అన్నమో రొట్టో. మిగతా పావు పప్పో, గుడ్డో, చేపో. పైన ఓ పండు. వేళకి తినాలి, తిన్నాక నాలుగడుగులు వెయ్యాలి, రాత్రి కంటినిండా పడుకోవాలి. ఏదీ పూర్తిగా మానక్కర్లేదు, ఏదీ మితిమీరకూడదు అంది. మీరైతే ఆ కాగితం మడిచి టీ గ్లాసు కింద పెట్టుకుంటారు. నేను తీసుకెళ్ళి మీ వదిన చేతిలో పెట్టాను. ఆవిడ పాత క్యారేజీ అవతల పడేసి మూడు గదులున్న డబ్బా కొనుక్కొచ్చింది. చెప్పండి, ఇందులో కోత ఉందా?"

"ఇంతవరకైతే లేదు" అన్నాడు బక్కాయన.

"వారం తిరక్కుండా మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. రెండో వారం చూపు పెరిగింది. ఎంత పెరిగిందంటే, స్టాపు ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగానే అక్కడ నిలబడ్డవాళ్ళలో ఎవరు తిని వచ్చారో ఎవరు పస్తున వచ్చారో మొహాలు చూసి చెప్పేసేవాణ్ణి. కావాలంటే మా చెల్లెమ్మనడగండి."

ఆ చెల్లెమ్మ, అంటే కండక్టరమ్మ, టీ ఊదుకుంటోంది.

"నెల తిరిగేసరికి ఒంట్లో తూకం కుదిరింది. తూకమంటే అలాంటిలాంటి తూకం కాదు. డాష్‌బోర్డు మీద గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి పెట్టుకుని, ఆ పాత రోడ్డు మీద, అదే, గుంతల మధ్య రోడ్డు వెతుక్కోవాలి చూడండి, దాని మీద అరవై కిలోమీటర్లు తోలాను. ఒక్క చుక్క తొణకలేదు. పైగా దిగేసరికి గ్లాసులో నీళ్ళు వేలెడు పెరిగాయి."

"పెరగడమేంటన్నా?" అన్నాను.

"నేను తప్పించి వచ్చిన గుంతల్లో నీళ్ళు ఎక్కడికి పోవాలి మరి? మధ్యలో మాట్లాడకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెక్‌పోస్టు దగ్గర లారీలు తూచే కాటా ఉంది కదా, బస్సుని దాని మీదికెక్కించమన్నారు. నేను దిగి నిలబడితే పదకొండు టన్నులు తూగింది. నేనెక్కి కూర్చుంటే పదిన్నర. కాటా మనిషి మూడుసార్లు తూచాడు. నాలుగోసారి తూచకుండా ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చి ఇంటికెళ్ళిపోయాడు."

టీ బాబాయి పొయ్యి దగ్గర పకపకా నవ్వాడు. బక్కాయన కూడా నవ్వబోయి పొట్ట పట్టుకుని వంగిపోయాడు. మూడు రోజుల ఖాళీ కడుపుతో నవ్వు కూడా బరువే.

"నవ్వండి నవ్వండి. నిన్న సాయంత్రం పెద్ద వంతెన మీద ఏం జరిగిందో వింటే ఇంత నవ్వు రాదు."

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. నేనూ బక్కాయనా ఒకేసారి అన్న బస్సు వైపు చూశాం. ఎడమ పక్క ముందు తలుపు నుంచి మూడో కిటికీ దాకా రంగు లేచిపోయి, లోపలి రేకు తెల్లగా కనపడుతోంది. పొద్దున్నే అందరం చూశాం. ఎవరం నోరెత్తలేదు. మాలో ఒకడు అడిగితే మెకానిక్కు చెవిన పడుతుంది, అక్కణ్ణుంచి మేనేజరు దాకా పోతుంది.

"ఎగువన వానలు. ఏరు ఉరకలెత్తి వంతెన కమ్ముల్ని నాకుతోంది. బస్సులో యాభై రెండు మంది. నడి వంతెన మీదికి వచ్చేసరికి స్టీరింగు తేలికైపోయింది, నా చేతుల్లో లేనట్టు. ఒళ్ళంతా చల్లటి చెమట. ఎదురుగా ఒక రోడ్డు ఉండాల్సిన చోట రెండు రోడ్లు కనపడుతున్నాయి. ఏది అసలుదో తెలీదు. నేను కళ్ళు మూసుకుని..." అని ఆగి పెదాలు తడుపుకున్నాడు. "మూసుకోలేదు. నేనెందుకు మూసుకుంటాను? కళ్ళు తెరిచే ఉన్నాయి. చూసేసరికి ముందు చక్రాలు రెండూ గాల్లో ఉన్నాయి."

"గాల్లోనా?" అన్నాడు టీ బాబాయి.

"గాల్లో. సగం బస్సు వంతెన మీద, సగం బస్సు ఏటి మీద. తక్కెడలా ఊగుతోంది. వెనక సీట్లో ఎవరైనా ఒళ్ళు విరుచుకుంటే ముక్కు పైకి లేస్తోంది, ముందు సీట్లో ఎవరైనా నిట్టూరిస్తే కిందికి వంగుతోంది. అద్దంలోకి చూశాను. యాభై రెండు మొహాలూ నన్నే చూస్తున్నాయి. ఒక్కరూ అరవడం లేదు. అరిచినా బాగుండేది. ఆ చూపులు నా వీపు మీద ఇప్పటికీ ఉన్నాయి."

ఈ చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కోతలు కోసేటప్పటి గొంతులా లేదు. కానీ వెంటనే సర్దుకున్నాడు.

"అప్పుడు డాక్టరమ్మ గీసిన పళ్ళెం గుర్తొచ్చింది. తూకం తప్పినదాన్ని తూకంతోనే నిలబెట్టాలి. 'అందరూ డబ్బాలు తెరవండి' అన్నాను. తెరిస్తే ఏముంది? ముందు సీట్లవాళ్ళ దగ్గర ఉత్త అన్నం, ఉత్త రొట్టె, నూనెలో వేయించినవి. ఓ లావుపాటాయన ఒళ్ళో రెండు కిలోల మిఠాయి. అంత బరువు ముందరే ఉంటే ముక్కు వంగదా? 'మిఠాయి వెనక్కి పంపండి' అన్నాను. చేతులు మారుతూ వెనక్కి పోయింది. పోయేసరికి బస్సు ముక్కు ఆకాశంలోకి లేచింది, వెనక టైర్లు కిర్రుమన్నాయి. మిఠాయిని మళ్ళీ మధ్యకి తెప్పించాను. ఇలా లాభం లేదని సీట్ల మధ్య దారంతా ఒకే పళ్ళెం కింద లెక్కేశాను. సగం దారి పొడుగునా కూరలూ ఆకులూ పరిపించాను. పావు దారిలో అన్నం. గరిటె పడ్డప్పుడల్లా బస్సు ఒక్కో అంగుళం వెనక్కి వస్తోంది. వస్తూ వస్తూ ఆగిపోయింది. ఎందుకాగిందో తెలుసా?"

బక్కాయన బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగాడు.

"మిగతా పావు ఖాళీ. యాభై రెండు డబ్బాల్లో ఒక్క పప్పు బద్ద లేదు, గుడ్డు లేదు, చేప ముల్లు కూడా లేదు. ఆ పావు పళ్ళెం తక్కువైనందుకు బస్సు మళ్ళీ ముందుకి జారడం మొదలెట్టింది. నీళ్ళు మొదటి మెట్టు ఎక్కాయి. రెండో మెట్టు ఎక్కాయి. నా కాళ్ళు బ్రేకు మీద ఉన్నాయో లేదో నాకు తెలియడం లేదు. కాళ్ళే తెలియడం లేదు."

అది కోత అని నాకు తెలుసు. అయినా వీపు చల్లబడింది. ఏట్లో మునిగే బస్సుని చూసి కాదు. చల్లటి చెమటా, రెండుగా కనపడే రోడ్డూ, తెలియని కాళ్ళూ కోతల్లో పుట్టేవి కావు. పొద్దున మొదటి ట్రిప్పులో సిగ్నల్ దగ్గర నాకూ ఒక ఎర్ర దీపం రెండుగా కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. అన్న చేతిలో గ్లాసు వణికి, నల్లటి టీ చొక్కా మీద ఒలికింది. ఆయన చూసుకోలేదు.

"ఆ తర్వాత?" అంది కండక్టరమ్మ.

"ఆ తర్వాత... చివరి సీట్లో ఓ ముసలావిడ సంచి అడుగు నుంచి గుప్పెడు ఉడికిన శనగలు తీసి నా నోట్లో పోసింది. ఒక్కో గింజని ముప్పై రెండుసార్లు నమిలాను. నమిలినప్పుడల్లా బస్సు అడుగు చొప్పున వెనక్కి వచ్చింది. చివరి గింజ మింగేసరికి చక్రాలన్నీ రోడ్డు మీద ఉన్నాయి. ఏరు కూడా నన్ను చూసి రెండు మూరలు తగ్గింది. యాభై రెండు మందీ దిగి వరసగా వచ్చి నా చేతులు పట్టుకున్నారు. అలాంటి ఒంటిని ఇక రేపటి మెడికల్ ఏం చేస్తుంది? అదే నన్ను చూసి భయపడాలి."

కండక్టరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ముసలావిడ కాదన్నా, నేను. శనగలు కాదు, చాక్లెట్టు. బస్సు ఎక్కడా వేలాడలేదు. కమ్ముల్ని రాసుకుంటూ యాభై అడుగులు పోయింది. నీ కళ్ళు తెరిచే ఉన్నాయి, నువ్వు మాత్రం లేవు. మూడుసార్లు పిలిచాను. నీ కాలు పక్కకి నెట్టి బ్రేకు నేను తొక్కాను. ఏదైనా తినిపిద్దామని నీ డబ్బా తెరిస్తే, మూడు గదులూ కడిగినవి కడిగినట్టే ఉన్నాయి."

టీ బాబాయి పొయ్యి మంట తగ్గించాడు.

"నిన్న కాస్త ఆకలి మందగించి..." అన్నాడు అన్న.

"రెండు రోజుల నుంచా? వదిన నింపి పంపిస్తుంటే నువ్వు గేటు వెనక కుక్కలకి పోస్తున్నావు. నేను చూశాను. తిండి మానేసి షుగరు మాత్రలు మాత్రం ఒకటికి రెండు మింగుతున్నావు, అదీ చూశాను. నిన్నే చెప్పాల్సింది. నీ ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. రాత్రంతా ఆ కమ్ముల చప్పుడే వినపడింది." ఆమె టికెట్ల సంచి తీసి బల్ల మీద పెట్టింది. మళ్ళీ అంది, "ఇంకో సంగతి. ఈసారి డాక్టరమ్మ చేసే పరీక్ష మూడు నెలలుగా నీ రక్తంలో షుగరు ఎంతుందో చెబుతుంది. నోటీసు బోర్డు మీద ఎప్పట్నుంచో ఉంది. మూడు రోజులు మాడితే దానికి తెలీనే తెలీదు."

మా ముగ్గురిలో ఆ బోర్డు చదివినవాడు ఒక్కడూ లేడు.

అన్న చొక్కా మీది టీ మరకని అరచేత్తో రుద్దాడు. ఇంకో కోత వస్తుందని ఎదురుచూశాను. రావాలని కోరుకున్నాను కూడా.

"భయం చెల్లెమ్మా" అన్నాడు. "ఆ పళ్ళెం పద్ధతి పది రోజులు నడిపాను. నిజంగానే హాయిగా ఉండేది. తర్వాత డ్యూటీ మారింది. ఎక్కడ ఆపితే అక్కడ, ఏది దొరికితే అది తిన్నాను, మీ వదినకి మాత్రం డబ్బా ఖాళీ చేసి చూపించాను. మెడికల్ తేదీ పడగానే ఆ కుర్చీ కళ్ళ ముందుకొచ్చి కూర్చుంది. ముద్ద దిగలేదు."

"నిన్ను కుర్చీలో కూర్చోబెడితే బతికుంటావు. నువ్వు మమ్మల్ని ఏట్లో కూర్చోబెడితే ఎవరం ఉండం. నువ్వు తిని, వెళ్ళి డాక్టరమ్మకి నిన్న జరిగింది జరిగినట్టు చెప్పేదాకా నేను రైట్ అనను. నా మీద రిపోర్టు రాసుకుంటే రాసుకో."

కండక్టరు రైట్ అనకపోతే బస్సు కదలదు. అన్న జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. టీ బాబాయి ఎవరూ అడక్కుండానే రెండు ఉడికిన గుడ్లు వలిచి, రొట్టె ముక్కా, అరటిపండూ పళ్ళెంలో పెట్టి ఆయన ముందుకి తోశాడు. మొదటి ముద్ద నోటిదాకా తీసుకెళ్ళడానికి అన్నకి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

అప్పుడు కండక్టరమ్మ మా వైపు తిరిగింది.

"మీ ఇద్దరిలో పొద్దున్నుంచి ముద్ద తిన్నవాళ్ళెవరు?"

బక్కాయన నన్ను చూశాడు, నేను బక్కాయనని చూశాను. గేటు లోపల నా బస్సు నిలబడి ఉంది. అప్పటికే సగం సీట్లు నిండాయి. కిటికీ పక్కన ఒకామె నిద్రపోతున్న పసిపిల్లని భుజానికెత్తుకుని, బస్సెప్పుడు కదులుతుందా అని బయటికి చూస్తోంది.

"నేను తినలేదు" అని నా తాళం కూడా తీసి బల్ల మీద పెట్టాను. మెల్లగా పెట్టాలనుకున్నాను. చెయ్యి నా మాట వినక, అది చెక్క మీద టకటకా కొట్టుకుంది.