చెవి మేస్త్రి విన్న ఇంజన్లు

దేవుడి దయవల్ల ఆ షెడ్డులో పనికి ఏనాడూ కరువు లేదు, మాటలకు అసలే లేదు. కార్లు బాగుచేసే ఆ షెడ్డు యజమానిని అందరూ చెవి మేస్త్రి అంటారు. ఇంజను చప్పుడు విని జబ్బేంటో చెప్పేస్తాడని ఆ పేరు. పేరూ నిజమే, పనీ నిజమే. ఆ రెంటి మధ్య కోతలు మాత్రం ఆయన సొంత తయారీ.

ఆ సాయంత్రం టీ వేళకు స్కూలు వ్యాను డ్రైవరు వచ్చి, బండి షెడ్డు ముందు నిలిపి, ఇంజను ఆపకుండానే దిగాడు.

"అన్నా, ముందువైపు ఏదో కీచుమంటోంది. రేపు పిల్లల్ని కొండమీదికి తిప్పి తీసుకురావాలి. ఒక్కసారి విని చెప్పవూ?"

"కూర్చోరా, టీ తాగు. అదెక్కడికి పోతుంది, నేనెక్కడికి పోతాను?"

గ్లాసులు అందిస్తున్న మేస్త్రి భార్య ఆయన వంక చూసింది. ఆ కీచుమనడం ఆమెకు వీధి మలుపులోనే వినబడింది. ఆయన తలైనా ఎత్తలేదు. కొన్నాళ్లుగా ఇదే వరస. పక్కన ఫోను మోగినా కదలడు. పిలిస్తే పెదాల వంక చూసి జవాబిస్తాడు. మొన్న ఒక కారును "భేషుగ్గా ఉంది" అని పంపిస్తే మర్నాడు అదే రొదతో తిరిగొచ్చింది. చెవే పేరైన మనిషికి చెవి పోతోందని ఏ నోటితో చెప్పాలి? "స్వామీ, ఆయనకు తెలిసేలా చెయ్యి, ఆయన మనసు మాత్రం విరగనియ్యకు" అని రోజూ దేవుడికే మొరపెట్టుకుంటోంది. ఇప్పుడేమో పిల్లల బండి వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఈలోగా టైర్ల దుకాణం తమ్ముడు, కార్లకు రంగులేసే మావయ్య వచ్చి బల్లమీద సర్దుకున్నారు. జనం చేరితే మేస్త్రి నోటికి బ్రేకులుండవు.

"కీచుమనడం ఒక జబ్బేనట్రా! అప్పట్లో ఒక లారీ నడిరోడ్డు మీద దగ్గుతూ ఆగిపోయింది. ఇంజను మొత్తం విప్పాలన్నారు అందరూ. నేను పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించాను. మూడో సిలిండరు వాల్వు వదులు, అన్నాను. బిగించారు. కదిలింది."

"అది నేనూ చూశాను," అన్నాడు రంగుల మావయ్య.

"చూశావు కదా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కడో దూరం నుంచి ఒకాయన ఫోను చేశాడు. ఫోను బానెట్ మీద పెట్టమన్నాను. విన్నాను. బాబూ, ప్లగ్గు మార్చుకో, వెనక సీటు కింద పిల్లాడి గోళీ దొర్లుతోంది అది తీసుకో, పక్కన మీ ఆవిడ పళ్లు నూరుతోంది ముందు ఆవిడ సంగతి చూసుకో, అన్నాను."

"పళ్లకి గ్రీజు పెట్టమన్లేదా గురువుగారూ?" అన్నాడు టైర్ల తమ్ముడు. అందరూ గొల్లున నవ్వారు.

"నవ్వరా నవ్వు. మంగలి దగ్గర సగం గెడ్డం గీయించుకుని కూర్చున్నప్పుడు కొండకి అవతలివైపు ఒక కారు పోతోంది. చక్రం నట్టు వదులవుతున్న చప్పుడు! సబ్బు మొహంతోనే పరిగెత్తి కొండెక్కి దిగి ఆపాను. నేను చెయ్యి పెట్టేసరికి నట్టు ఊడి అరచేతిలో పడింది, వేడివేడిగా."

ఆ నవ్వుల్లో మేస్త్రి భార్య మెల్లగా లేచి వ్యాను దగ్గరికి వెళ్లింది. 'ఎవర్రా ఇంజను ఆపింది?' అని ఆయన చేత ఒక్క కేక వేయించు తండ్రీ, నా అనుమానమే అబద్ధం కానీ, అనుకుంటూ తాళం తిప్పి చేతిలోకి లాక్కుంది. రొద చటుక్కున ఆగి వీధి బోసిపోయింది. డ్రైవరు ఉలిక్కిపడి తిరిగి చూశాడు. రంగుల మావయ్య చూశాడు. టైర్ల తమ్ముడూ చూశాడు. ఆమె పెదాల మీద వేలు పెట్టుకుంది.

మేస్త్రి మాట తెగలేదు.

"అదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. కార్లు చేసే పెద్ద కంపెనీవాళ్లు, పేరెందుకులే, ఇంకా పుట్టని కారుకి ఇంజను బొమ్మ గీసి తెచ్చారు. ఉత్త కాగితం! బల్లమీద పరిచి చెవి ఆనించాను. అందరూ ఊపిరి బిగబట్టారు. అయ్యా, ఇది మూడో ఏట టకటకా కొట్టుకుంటుంది, అన్నాను. అక్కడికక్కడే చింపి కొత్తది గీశారు. దానికీ ఆనించాను. అప్పుడు... హాయిగా, పసిపాప నిద్రపోతున్నట్టు ఉంది."

ఎవరూ నవ్వలేదు. ఆ మౌనాన్ని అబ్బురం అనుకుని ఆయన ఇంకా నిటారుగా కూర్చున్నాడు.

"అంతెందుకు, మీతో మాట్లాడుతున్నానా, నా చెవి ఒకటి ఈ వ్యాను మీదే ఉంది. బెల్టు కాస్త వదులు. అంతే. ఇదిగో, ఇప్పుడు కూడా కీచుకీచుమంటోంది, వినండి! ఒరేయ్, రేపు పిల్లల్ని ఎక్కించుకుని ధీమాగా వెళ్లు."

డ్రైవరు ఆమె వంక చూశాడు. పదిమందిలో మొగుడి పరువు ఒకవైపు, కొండదారిలో పిల్లలు ఒకవైపు. ఆయనకు తెలిసే ఘడియ దేవుడు ఇచ్చాడు గానీ, చెప్పే పని ఆమె నోటికే పెట్టాడు. ఆమె ఆయన ఎదుటికొచ్చి, మొహం కనబడేలా నిలబడింది.

"ఏమండీ, ఇంజను ఆగిపోయి ఉంది. కాగితం కథకి ముందే నేనే ఆపేశాను."

అరచెయ్యి తెరిచి తాళం చూపించింది. ఆయన తాళం చూశాడు. వ్యాను చూశాడు. ఒక్కొక్కరి మొహమే చూశాడు, తలలన్నీ వంగిపోయాయి. టైర్ల తమ్ముడు ఖాళీ గ్లాసులో ఏదో వెతుక్కుంటున్నాడు.

మేస్త్రి లేచాడు. డ్రమ్ములోంచి మగ్గుతో నీళ్లు ముంచుకుని బానెట్ ఎత్తాడు. "స్టార్ట్ చెయ్యరా" అన్నాడు డ్రైవరుతో. తిరిగే బెల్టు మీద నీళ్లు చల్లితే, అరిచేది బెల్టే అయితే కాసేపు నోరు మూస్తుంది, బెల్టు తిరిగే చక్రం లోపల బేరింగు అరిగితే మూయదు. పనిలో చేరిన ఎవరికైనా మొదట నేర్పే పరీక్ష అది. ఆయన దాన్ని చేసి ఎన్నేళ్లయిందో!

నీళ్లు చల్లి భార్య పెదాల వంక చూశాడు.

"ఆగిందా?"

ఆమె వంగి విన్నది. "ఆగలేదండీ. కీచు కింద ఇంకోటి ఉంది. ఇసుక నలిగినట్టు గరగరమంటోంది."

"అయితే బెల్టు కాదు, పుల్లీ బేరింగు. అది పట్టేస్తే బెల్టు తెగుతుంది. తెగితే కొండమీద స్టీరింగు బండరాయైపోతుంది." డ్రైవరు వైపు తిరిగాడు. "రేపటికి వేరే బండి చూసుకోరా. ఇది ఇక్కడే ఉంటుంది."

డ్రైవరు తలూపాడు. మేస్త్రి మళ్లీ మగ్గు ముంచాడు.

"ఆ గరగర పైచక్రం నుంచా, కిందచక్రం నుంచా?" అని భార్యను అడిగి, ఆమె చెప్పేదాకా నోరు మెదపకుండా నిలబడ్డాడు.