కాపలా నీదేగా

పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువు షెడ్డు. కరెంటు పోయి జనరేటర్ నడుస్తోంది. చెరువు యజమాని కొడుకు రెండు గేమింగ్ కంప్యూటర్లు ముందేసుకుని కూర్చున్నాడు. కాపలా మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇంటెల్ ప్రాసెసరా, ఏఎండీయా? రెండూ ఒకేసారి ఆడించి, నెగ్గినదాన్ని ఉంచుకుంటా.”

“ఒక్కటే ఆడించండి బాబూ. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు కూడా ఈ జనరేటర్ మీదే తిరుగుతున్నాయి. అవి ఆగితే ఈ మబ్బుకి రొయ్యలకి ఊపిరాడదండి.”

“నీకన్నీ భయాలేనయ్యా.”

“పోయినసారి ఇలాగే ఆగితే, నేను నిద్రపోయానన్నారు నాన్నగారు. ఈసారి పన్లోంచి తీసేస్తారండి.”

“ఇప్పుడు మెలకువగానే ఉన్నావుగా!” అంటూ రెండు కంప్యూటర్లూ ఆన్ చేశాడు.

“జనరేటర్ చప్పుడు మారిందండి… అయ్యో, ఆగిపోయింది బాబూ!”

“నా గేము ఆగలేదే. యూపీఎస్ ఉందిగా.”

“చెరువుకి లేదండి!”

“అయితే వెళ్లి చూసుకో. కాపలా నీదేగా.”